మేడం గారు దిద్దుకున్న చేప పేరు

మా జువాలజీ మేడం గారు పోయారని మొన్న పొద్దున్న పాత విద్యార్థుల గ్రూపులో చూశాను. ఏడుపొచ్చింది. కాసేపటికి ఆవిడ సముద్రపు ఒడ్డున బోర్లా పడుకున్న సంగతి గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఆవిడ గురించి తలుచుకుంటే ఈ రెండూ తప్పవు.

రాజోలులో మాకు డిగ్రీ పాఠాలు చెప్పేవారు. గంజి పెట్టిన నేత చీర, చేతిసంచిలో భూతద్దం. చేపల బజారుకెళితే బేరం ఆడేముందు చేప నోరు తెరిచి పళ్ళు చూసేవారు. "కొంటారాండీ, పెళ్ళిచూపులాండీ?" అని అమ్మేవాళ్ళు ఆటపట్టించేవారు.

మా లేబులో ఒక సీసాలో వేలెడంత చేప ఉండేది. మీద ఆవిడ చేతిరాతతో 'గోబీ' అని చీటీ. ఇరవై ఏళ్ళుగా అందరికీ అదే చెప్పారు. గోబీకి పొట్ట కింది రెక్కలు కలిసిపోయి గిన్నెలా ఉంటాయని పాఠం. బొమ్మ వేస్తూ చూస్తే దీనికి గిన్నె లేదు, విడివిడిగా రెండు సన్నటి పోగులున్నాయి. చెబితే నా రికార్డు మీద సంతకం పెట్టరేమోనని రెండు రోజులు దాచాను. చివరికి చెప్పేశాను.

ఆవిడ భూతద్దంతో చాలాసేపు చూశారు. "ఇది సీసాలో నానిపోయిందమ్మా. రేపు బతికున్నదాన్నే అడుగుదాం" అన్నారు.

మర్నాడు అంతర్వేదిలో సముద్రపు కోతకు అడ్డంగా వేసిన బండల మధ్య, పోటు దిగాక మిగిలిన నీళ్ళ దగ్గర, ఆవిడ కుచ్చెళ్ళు దోపుకుని బోర్లా పడుకున్నారు. కళ్ళు తిరిగి పడిపోయారనుకుని గుడికొచ్చినవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"ఏం లేదండీ, చేపతో పనుందండి" అన్నారావిడ.

బండ కన్నంలోంచి, అచ్చం మా సీసాలోదానిలాంటి బుల్లి చేప తల బయటపెట్టి ఆవిడనే చూస్తోంది. దాన్ని టిఫిన్ గిన్నెలో పట్టి తిరగేశారు. పోగులే! నోట్లో దువ్వెనలాంటి పళ్ళు.

"గోబీ కాదమ్మా, బ్లెన్నీ!" అని పెద్దగా నవ్వారు. చేపని నీళ్ళలో వదులుతూ, "ఇన్నేళ్ళూ పేరు తప్పు పిలిచేనండి, ఏమీ అనుకోకండి" అన్నారు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు నా తప్పు చూపిస్తే మొహం మాడ్చుకోవడం లేదంటే అది ఆవిడ చలవే.

ఆ రోజు తిరుగు బస్సులో ఆవిడ తడి చీరతోనే పాత విద్యార్థులకు ఫోన్లు మొదలుపెట్టారు. మొదటాయన రొయ్యల రైతు. "ఇప్పుడా చేపతో నాకేం పనండీ మేడం గారూ?" అనడం నాకూ వినిపించింది.

"పని లేకపోతే పోనీ నాన్నా. నేను నీకు తప్పు చెప్పేను కదా, దిద్దుకో" అని, ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టారు. "మిగతాది నువ్వు చెప్పమ్మా. చూసింది నువ్వు."

బస్సంతా మా వైపే చూస్తోంది. ఫోను పట్టుకున్న ఆవిడ చేతికి ఇంకా తడి ఇసుక అంటుకునే ఉంది.