బరువు మోపిన కాలు

పటమటలోని తమ ఇంట్లో మా రాజనీతిశాస్త్రం మేడమ్ గుండెపోటుతో కన్నుమూశారని మొన్న తెల్లవారుతూనే తెలిసింది. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. సంతాప సభలో మా కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారు ఆమెను పొగుడుతారని అప్పుడే ఊహించాను.

చిన్ననాటి ప్రమాదంలో ఎముక విరిగి, మేడమ్ ఎడమకాలు పొట్టిగా మిగిలిపోయింది. నలభై దాటాక దాన్ని పొడిగించుకోవాలని నిశ్చయించుకుని, ఆ ఎంపికనే మా డిబేట్ క్లబ్బుకు అంశంగా ఇచ్చారు: ఎముక లోపల అమర్చే రాడ్డా, బయట బిగించే ఫ్రేమా? నేను రాడ్డు పక్షం. అయస్కాంతంతో బయటినుంచే సాగదీయవచ్చు. చర్మాన్ని చీల్చుకుని పిన్నులు బయటికి రావు. వాటి చుట్టూ చీము పట్టే భయం లేదు. అవతలి పక్షాన్ని చీల్చి చెండాడాను.

“వాదనలో నువ్వే నెగ్గావమ్మా,” అన్నారు మేడమ్. “కాలు మాత్రం నాది. రాడ్డు పెడితే ఎముక గట్టిపడేదాకా పూర్తి బరువు మోపొద్దన్నారు. ఫ్రేమైతే నిలబడొచ్చట. కూర్చుని పాఠం చెప్పడం నాకు చేతకాదు.”

ఆ ఫ్రేముతోనే క్లాసుకు వచ్చారు. విరామంలో కాలు కొద్దికొద్దిగా సాగేలా దాని నట్లు తిప్పుకుంటూనే మమ్మల్ని ప్రశ్నలడిగేవారు.

“నొప్పిగా లేదా మేడమ్?”

“ఉంది. నీ జవాబు అంతకంటే బాధగా ఉంది. మళ్లీ చెప్పు.”

నేను ఆవేశపడినప్పుడల్లా ఒకటే మాట: “కోపం రానీ. ప్రశ్న మాత్రం సూటిగా వెయ్యి.”

ఆ ఏడాది వార్షిక డిబేట్ పోటీలో న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్న ఆమెను కరస్పాండెంట్ గారే లేపారు.

“బయటివాళ్లొస్తారమ్మా. స్టేజీ మీద ఆ ఇనుమంతా ఏం బాగుంటుంది? నయమయ్యాక కూర్చుందురుగాని.”

“నయమవుతున్న కాలే ఇదండీ.”

ఆయన వినలేదు. మేడమ్ చివరి వరసలో నిలబడి పోటీ అంతా విన్నారు. ఫ్రేము తీసేసి, రెండు కాళ్లూ సమమయ్యాక కూడా ఆ బల్ల దగ్గరికి ఆమెను ఎవరూ పిలవలేదు. ఇక పిలవలేరు.

నిన్నటి సంతాప సభను నడిపింది మా క్లబ్బే. అందుకే మా నియమమే పెట్టాం: గంట మోగితే వక్త ఆగాలి. గంట నా చేతిలో ఉంది. కరస్పాండెంట్ గారు చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఫోటోకు దండ వేసి, మైకు అందుకున్నారు.

“ఆ కష్టకాలంలో మా యాజమాన్యం ఆమెను కన్నకూతురిలా...”

గంట కొట్టాను.

“ఇప్పుడేగా మొదలెట్టాను, ఏంటమ్మా ఇది?”

“ఆమెను ఆ బల్ల దగ్గర్నుంచి ఎందుకు లేపారో చెప్పండి సార్. సభ ఎంతసేపైనా మీదే.”

ఆయన మైకు పక్కన పెట్టేశారు. మెట్లు దిగి చెప్పుల కోసం వెతుక్కున్నారు. ఒకటి దొరికింది, రెండోది వేదిక కిందికి జారిపోయినట్టుంది. వంగి తీసుకోవడానికి అహం అడ్డొచ్చింది. ఒక కాలికే చెప్పు వేసుకుని, ఎగుడుదిగుడుగా అడుగులేస్తూ ఆయన తలుపు దాకా నడుస్తుంటే, హాలంతా ఆ పాదాలనే చూసింది.