ఒక్కరిని పిలుచుకోండి

ట్రామ్ స్టాపుల్లో మర్లీన్ బొమ్మలు చూసి నవ్వుకోనివాళ్ళు మా ప్రెస్టన్ పేటలో లేరు. మాస్కు కట్టుకున్న కుక్క, కిటికీలోంచి చెయ్యి ఊపే ముసలమ్మ, అడుగున నాలుగు మంచి మాటలు. లాక్‌డౌన్‌లో జనం దిగాలుపడకుండా పోస్టర్లు వేసిపెట్టమని కౌన్సిల్ వాళ్ళే ఆమెను అడిగారు. ఊరందరికీ ధైర్యం చెప్పే ఆ మనిషి ఇంట్లో ఉండేది ఒక్కతే. ఆమెతో ఎదురుగా మాట్లాడేదాన్ని పక్కింట్లో ఉండే నేనొక్కదాన్నే, అదీ కంచె ఇవతలి నుంచి.

సెప్టెంబరులో కొత్త నిబంధన వచ్చింది. ఒంటరిగా ఉండేవాళ్ళు ఒకే ఒక్కరిని ఎంచుకుని ఇంటికి పిలుచుకోవచ్చు. వాళ్ళు ఒకసారి ఇంటికి వచ్చాక ఇక మార్చుకోవడానికి వీల్లేదు. దానికీ పోస్టరు మర్లీనే వేసింది: బల్ల మీద రెండు టీ కప్పులు, కింద ‘ఒక్కరిని పిలుచుకోండి. మొహమాటపడకండి.’ ఆ బల్ల ఆమెదే. రెండో కప్పు గ్లెనిస్ కోసం. గ్లెనిస్ ఆమెకు బడిరోజుల నుంచీ స్నేహితురాలు, వెనక వీధిలో ఒక్కతే ఉంటుంది.

"పిలిచావా?" అన్నాను.

"దానికి నేను తప్ప ఎవరున్నారమ్మాయ్? అదే అడుగుతుందిలే. నేను ముందు అడిగితే కాదనలేక ఒప్పుకుంటుంది, పాపం."

ఇక్కడివాళ్ళ ఈ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మంట. మనసులో ఉన్నది అడిగితే ఎదుటివాళ్ళ నెత్తిన బరువు పెట్టినట్టట. మొహమాటం వద్దని ఊరికంతా రాసిన మనిషి, కేకు చేసుకుని మరీ ఫోన్ కోసం ఎదురుచూసింది.

గ్లెనిస్ ఫోన్ వచ్చేసరికి మర్లీన్ మొక్కలకు నీళ్ళు పడుతోంది. స్పీకరు పెట్టడంతో నాకూ వినపడింది.

"ఏమే, నీ పోస్టరు చూసి ధైర్యం చేశానే. మా పక్కింటి డగ్‌ని అడిగేశా. పెళ్ళాం పోయాక ఒక్కడే ఉంటున్నాడు కదా, సరేనన్నాడు, రేపొస్తాడు."

మర్లీన్ చేతిలో గొట్టం ఒకే మొక్క మీద ఆగిపోయింది. "మంచి పని చేశావే," అంది.

"ముందు నిన్నే అనుకున్నా. కానీ నీకేంటే, ఊరంతా నీవాళ్ళేగా. ఈపాటికి వరస కట్టుంటారు. ఇంతకీ ఎవర్ని పిలిచావు?"

"ఉన్నార్లే. డగ్ టీలో చక్కెర వెయ్యకు, అతనికి షుగరు."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. "ఇప్పుడైనా నిజం చెప్పు," అన్నాను.

"చెప్తే అది డగ్‌ని వద్దంటుంది. అతనికి మాత్రం ఎవరున్నారు?" అంది మర్లీన్. కేకు మొత్తం తెచ్చి కంచె మీదుగా నా చేతిలో పెట్టింది.

ఆ వారమే ఆ పోస్టరును ఆమె ఇంటి ఎదురు స్టాపులో కూడా అంటించారు. లాక్‌డౌన్ ఎత్తేసేదాకా మర్లీన్ ముందుగది కిటికీ తెర తియ్యలేదు.