గాజువాకలో క్రూయిజరు జలప్రవేశం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, ఇంకా మడత నలగని బీఈడీ పట్టా, గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు ఉద్యోగం (నేను చదివింది జువాలజీ, వాళ్ళకి ఖాళీ ఉన్నది సోషలు, ఇద్దరం సర్దుకున్నాం). తొంభైల నడిమి సంవత్సరాలవి. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ స్కూలుకి వెళ్ళినా, దిగేటప్పుడు మాత్రం దేశాన్ని ఉద్ధరించడానికి వచ్చినదానిలా దిగేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల నా స్టాఫ్ రూములోకి వస్తే నేను మరో కుర్చీలోకి జరిగి కూర్చుంటాను. అంత వెలుగు నా కళ్ళు ఇప్పుడు తట్టుకోలేవు.

మా స్కూలు కరస్పాండెంటు గారికి ఆ ఏడు వార్షికోత్సవం ఎప్పటిలా కోలాటంతో, చెవిలో పువ్వు పెట్టుకున్న విదూషకుడితో సరిపెట్టడం ఇష్టం లేకపోయింది. "మేడమ్, మనది వైజాగ్. మన పిల్లల నాన్నల్లో సగం మంది డాక్‌యార్డులోనో షిప్‌యార్డులోనో ఉన్నారు. మిగతా సగం ఉక్కు ఫ్యాక్టరీలో ఉన్నారు. ఉక్కు, ఓడ రెండూ కలిసేలా ఏదైనా చెయ్యలేమా?" అని స్టాఫ్ మీటింగులో అడిగారు. అందరూ బల్లకేసి చూశారు. నేను లేచి నిలబడ్డాను. "సార్, మా మావయ్య క్రూయిజరు మీద డెబ్బై ఒకటి యుద్ధం చేశాడు" అన్నాను. అంతే. ఆ ఒక్క వాక్యంతో యుద్ధనౌక జలప్రవేశం, యుద్ధం, అసలు సిసలు యోధుడి ప్రసంగం, మూడూ నా నెత్తికెక్కాయి. నిజానికి మావయ్య ఆ ఓడలో ఏం చేశాడో నేను అప్పటిదాకా అడగనే లేదు.

ఆయన మా అమ్మకి పెద్దన్నయ్య. వాళ్ళది భీమిలి వైపు సముద్రం మీద బతికే కుటుంబం. ఇంటిల్లిపాదీ తెప్పలెక్కితే ఈయనొక్కడూ నేవీలో చేరాడు. వీధంతా ఆయన్ని సిప్పు మావయ్య అనేది. చెవులు కొంచెం మందం. ఎవరేం చెప్పినా ముందు నవ్వి, తరవాత "ఏటన్నావ్?" అనేవాడు. నేవీ నుంచి వచ్చాక గాజువాకలోనే ఇల్లు వేసుకుని, ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆ ఆదివారం నోటు పుస్తకంతో వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"మావయ్యా, యుద్ధంలో నువ్వు ఏ గన్ను పేల్చేవాడివి?" అని గట్టిగా అడిగాను.

"గన్నా? నాను గన్ను ముట్టుకోనేదు పాపా. నాను స్టోకర్ని. కింద బాయిలర్ రూములో మంట సూసుకోడం నా డూటీ. యుద్ధం జరిగినన్ని దినాలూ నాను సముద్రమే సూడనేదు."

పొయ్యి చూసుకున్నవాణ్ణి తీసుకెళ్ళి స్టేజీ మీద ఎలా నిలబెట్టను? సరే, కనీసం జలప్రవేశమైనా దక్కుతుందని ఓడ ఎప్పుడు నీట్లోకి దింపారో అడిగాను. మావయ్య సబ్బు నురగలోంచి నవ్వాడు. "దాన్ని మనోల్లెక్కడ దింపేరు? సీమదొరలు దింపేరు, ఆల్ల దేశంలో, పెద్ద యుద్ధం ముందు. ఆ యుద్ధమంతా ఆల్లకి సేసి, ముసిల్దైపోయినాక మనం కొనుక్కున్నాం. మనకాడా యుద్ధం సేసింది. ఇప్పుడు ముక్కలు కోసి తుక్కు కింద అమ్మీసేరు." ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన కత్తి ఒక్క క్షణం చెంప మీద ఆగింది. నేనది చూశాను కానీ పుస్తకంలో రాసుకోలేదు. నాటకానికి పనికొచ్చేది కాదు.

నేను ఇంటికొచ్చి చరిత్రను సరిదిద్దాను. ఓడను వైజాగులోనే దింపించాను. మావయ్యను బాయిలరు గదిలోంచి నాలుగంతస్తులు పైకెక్కించి గన్ను వెనక కూర్చోబెట్టాను. "శత్రువు గుండెల్లో నిప్పులు కురిపించాను" వంటి వాక్యాలతో రెండు పేజీల ప్రసంగం తయారైంది. మావయ్య అది చదివి, మడిచి, నా చేతిలో పెట్టేశాడు. "ఇది నాను సెప్పనేను పాపా. నాతో పన్చేసినోల్లు ఈ ఊర్లో ఉన్నారు. నవ్వుతారు."

నేను ఏడుపు ఒకటే తక్కువగా తిరిగొచ్చాను. కరస్పాండెంటు గారు అప్పటికే ఆహ్వాన పత్రికల మీద మావయ్య ఫొటో వేయించేశారు. నాలుగు రోజులాగి మళ్ళీ వెళితే, ఆశ్చర్యం, ఆయనే ముందు మాట కదిపాడు. "సరే పాపా, వొత్తాను. నువ్వు రాసిందే సెప్తాను. కానీ సివర్లో నాదొక మాటుంది, అది సెప్పుకుంటాను." ఒక్క మాటేగా, చెప్పుకో మావయ్యా అన్నాను. ఏం మాట అని అడగలేదు. ఆయన మనసు మార్చుకోకముందే చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాను.

ఇక ఓడ సంగతి. దాన్ని కట్టింది మా డ్రిల్లు మాస్టారు. అరటిపళ్ళ వ్యాపారిని బతిమాలి తెచ్చిన తోపుడు బండి అడుగు, ఫ్రిజ్జుల అట్టపెట్టెలు ఒళ్ళు, బోరు వేయగా మిగిలిన పీవీసీ పైపులు గన్నులు. బూడిదరంగు పూసి దూరం నుంచి చూస్తే నిజంగానే ఒళ్ళు గగుర్పొడిచేది (దగ్గరికెళితే అరటిపండు వాసన వచ్చేది). స్టేజి పక్కన బెంచీల చెక్కలతో ఏటవాలు దారి కట్టారు. చక్రాల కింద ఇటుకలు. ముఖ్య అతిథి ఓడ ముక్కు మీద కొబ్బరికాయ కొట్టగానే మాస్టారు ఇటుకలు తీసేస్తారు, ఓడ గంభీరంగా జారి, నీలం చీరలు పరిచిన సముద్రంలో ఆగుతుంది. రిహార్సల్లో నాలుగుసార్లూ ఆగింది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం నాలుగింటికి షామియానా నిండిపోయింది. మావయ్య తెల్ల యూనిఫారం వేసుకుని వచ్చాడు. పొట్ట దగ్గర గుండీలు కష్టపడుతున్నాయి గానీ మనిషి మాత్రం నిటారుగా ఉన్నాడు. అత్తయ్య దాన్ని మూడుసార్లు ఇస్త్రీ చేసిందట. ముఖ్య అతిథి పక్క కాలనీ సంఘం పెద్ద. బాగా ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. ఆయన కొబ్బరికాయను తల మీదికెత్తి, ఉన్న బలమంతా పెట్టి ఓడ ముక్కు మీద కొట్టారు. ముక్కు అట్టతో చేసిందని ఆయనకెవరూ చెప్పలేదు. కొబ్బరికాయ చెక్కుచెదరకుండా ఓడలోకి దూరిపోయింది, దాని వెనకే ఆయన చెయ్యి మోచేతి దాకా. ఆ చప్పుడు విని కాయ పగిలిందనుకున్న మాస్టారు ఇటుకలు తీసేశారు.

మా క్రూయిజరు ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని బయలుదేరింది. ఆయన నాలుగడుగులు పరిగెత్తి చెయ్యి లాక్కున్నారు. బరువు తగ్గిన ఓడ చీరల సముద్రాన్ని దాటి, మొదటి వరసలో వాళ్ళు కాళ్ళు పైకెత్తుకోగా మధ్యదారిన సాగి, పేరెంట్స్ కోసం పెట్టిన మజ్జిగ బల్లను ఢీకొని ఆగింది. రెండు గంగాళాలు దాని మీదే బోర్లాపడ్డాయి. మూడు వందల మంది పిల్లలు ఒక్కసారిగా నవ్వితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. కరస్పాండెంటు గారు నన్ను చూసిన చూపు గురించి రాయను. మావయ్య మాత్రం నా దగ్గరికొచ్చి, "నీల్లో మజ్జిగో, ఏదో ఒకటి తడిసింది కదా పాపా. దిగినట్టే" అన్నాడు.

అంతటి అవమానం తరవాత నాకు మిగిలిన ఆశ మావయ్య ప్రసంగం ఒక్కటే. ఆయన చెప్పడం అవగానే మాస్టారు టేపురికార్డరులో దేశభక్తి గీతం వేస్తారు, పిల్లలు జెండాలతో వస్తారు. పాట ఎప్పుడు వెయ్యాలో నేను పక్క నుంచి రుమాలు ఎత్తి చూపించాలి. మావయ్య మైకు ముందుకెళ్ళి, "నేను శత్రువు గుండెల్లో..." అని మొదలుపెట్టాడు. ఆగాడు. జనంలో ఎవరినో చూశాడు. మళ్ళీ, "నేను శత్రువు..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా మేనకోడలు మంచిగా రాసింది. కానీ నాను అబద్దం సెప్పనేను. నాను గన్ను పేల్సనేదు. కింద బాయిలర్ రూములో ఉండీవోన్ని. యుద్ధమప్పుడు మా తలుపులు పైనుంచి బిగించీసీవోలు. పైన ఏటవుతందో మాకు తెల్దు. నీల్లొత్తే ముందు మేమే పోతాం. నాతో పాటు ఒకడుండీవోడు, కేరళావోడు. ఒక దినం ఆడు నాతో ఏటన్నాడంటే..."

షామియానా నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే అది వింటున్న నిశ్శబ్దమని అర్థమవుతోంది. అప్పుడు నాకు వినిపించింది ఒక్కటే: "అబద్దం" అన్న మాట, అది రాసింది నేనని ఊరందరికీ తెలిసిపోవడం. కరస్పాండెంటు గారు నుదురు రుద్దుకుంటున్నారు. ముఖ్య అతిథి మోచేతికి దూది అద్దుకుంటున్నారు. నేను రుమాలు ఎత్తాను. మాస్టారు నమ్మలేనట్టు చూశారు. మళ్ళీ ఎత్తాను. పాట మొదలైంది, జెండాలు వచ్చేశాయి. మావయ్య కొంచెంసేపు మైకు పట్టుకునే నిలబడ్డాడు, చెవులు మందం కదా, ఏం జరుగుతోందో పోల్చుకోవడానికి. తరవాత పిల్లలకి దారిచ్చి, జనానికి దణ్ణం పెట్టి, మెల్లగా మెట్లు దిగాడు. ఇంటికెళ్ళేటప్పుడు ఆటోలో నాతో అన్నది ఒక్కటే, "పిల్లలు బాగా ఆడేరు పాపా."

తరవాత నాకు పెళ్ళయింది, మధురవాడ వైపు వెళ్ళిపోయాను, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ వైపంతా కొండలు తొలిచి అపార్ట్‌మెంట్లు లేస్తున్న కాలం. గాజువాక వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. వెళ్ళకపోవడానికి అది చాలా మంచి కారణం. పదేళ్ళు దాటాక ఒక సెలవు రోజు వెళ్ళాను. మావయ్యకి అరవై దాటాయి, చెవులు ఇంకా దిగాయి. అత్తయ్య పక్కన కూర్చుని రొయ్యలు వలుస్తోంది. మాటల్లో మాటగా, ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్నది అడిగేశాను. అంటే, అరిచేశాను.

"మావయ్యా, ఆ కేరళ ఆయన ఏమన్నాడు?"

"ఏ కేరళావోడు?"

"స్టేజీ మీద చెప్పబోయావే, మా స్కూల్లో!"

మావయ్య ముఖమంతా నవ్వాడు. "అదా! పాటొచ్చీసింది కదా పాపా." ఆ నవ్వులో నిష్ఠూరమేదైనా ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. "ఆడన్నది పెద్ద మాటేటి కాదులే. బాయిలర్ రూముకి ఒకటే నిచ్చిన. దాని కాడ నిలబడ్డం ఆడి డూటీ ఆ దినం. నన్ను పిల్సి, నువ్వు కొత్త పెల్లికొడుకువి, ఇక్కడ నువ్వు నిలబడు, ఏటైనా అయి పైన తలుపు తీత్తే ముందు నువ్వెక్కు అన్నాడు. ఆడు లోపలికెల్లి నా జాగాలో నిలబడ్డాడు. ఏటీ అవనేదనుకో. ఇద్దరం ఒడ్డుకొచ్చేసేం."

అత్తయ్య చేతులు ఆగిపోయాయి. "ఇన్నాల్లూ నాకు సెప్పనేదేటి?"

"బయపడతావని."

"ఎప్పటికి బయపడతాను? ముప్పయ్యేల్లు దాటిపోనాయి!"

"ఆ ఫంక్షనుకి ముందు ఉత్తరమొచ్చింది పాపా, ఆడు పోనాడని" అన్నాడు మావయ్య, ఆవిడ మాట వినబడక. "ఆడి కొడుకు రాసేడు. అందుకే నీ స్పీచికి ఒప్పుకున్నాను. నలుగురిలో ఆడి పేరొకసారి సెప్పాలనుంది. మేమంతా తంబీ, తంబీ అనే పిల్సీవోలం. సొంత పేరు నాకూ తెల్దు, ఉత్తరంలోనే సూసేను. పెద్ద పేరు. వారం దినాలు కంటతం పెట్టేను."

నేను బ్యాగులోంచి పెన్ను తీశాను. "చెప్పు మావయ్యా, పేరేంటి?"

ఆయన పైకి చూశాడు. పెదవులు కదిపాడు. రెండు అక్షరాలేవో అని, కాదని తల ఊపాడు. అత్తయ్యను ఉత్తరం ఎక్కడుందని అడిగాడు. ఒక తుఫానుకి ఇల్లంతా కారినప్పుడు పెట్టెలో కాయితాలన్నీ ముద్దయిపోయాయని ఆవిడ చెప్పింది. "పోన్లే పాపా," అన్నాడు మావయ్య నన్నే ఓదారుస్తూ. "గేపకమొత్తే ఫోన్ సేయిత్తాను."

రెండేళ్ళ తరవాత ఆయన పోయేదాకా నాకు గాజువాక నుంచి ఫోను వచ్చినప్పుడల్లా పెన్ను వెతుక్కునేదాన్ని. ఒకసారి నిజంగానే చేయించాడు కూడా. చందువా చేప దొరికింది, వచ్చి పట్టుకెళ్ళమని.

ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. అదీ పూర్తిగా రాదు. ఆ సాయంత్రం మావయ్య మెట్లు దిగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. గండం గడిచిందన్న సంబరంలో, అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.