సింహాద్రమ్మ అత్తా, ఎర్రబడే పిట్టా

ఈ ఉదయం బడి కిటికీ తెరవగానే లిచీ పూత వాసన గదిలోకి వచ్చింది. తేనెలో పిసరంత పులుపు కలిసినట్టుండే వాసన. మా మారిషస్‌లో సెప్టెంబరు వస్తే వసంతం వచ్చినట్టే. పిల్లలు ఇంకా రాలేదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను. మా మేనత్త సింహాద్రమ్మ మనసులో మెదిలింది. ఆమెకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. అయినా నాకు చదవడమంటే ఏమిటో తెలిసింది ఆమె దగ్గరే.

నేను లెస్కాలియేలో చెరకు తోటల మధ్య పుట్టాను. పదకొండో ఏట మలేరియా పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. ఒకనాడు పక్కింటావిడ మా అమ్మతో, "ఈ పిల్ల మీకు దక్కదేమో" అనడం దుప్పటి కింద నుంచి విన్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కొండగాలికి జ్వరం పోతుందని నాన్న నన్ను రైలెక్కించి క్యూర్‌పీప్‌లో ఉన్న తన అక్క దగ్గర దింపాడు. అత్తకు భర్త పోయాడు, పిల్లలు లేరు. పెద్ద ఇళ్ళవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి బతికేది. ఆ ఊళ్ళో వాన ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. వెదురు కంచెలన్నీ పగలంతా చుక్కలు రాలుస్తూ ఉండేవి.

గురువారం మధ్యాహ్నం అత్తకు పని ఉండేది కాదు. మొదటి గురువారమే నన్ను ఊళ్ళోని గ్రంథాలయానికి తీసుకెళ్ళింది. ఇస్త్రీ బట్టలు మోసుకెళ్తూ రోజూ ఆ తలుపు ముందు నుంచే నడిచేదట, లోపలికి మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. తలుపు దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయన, అందరూ మిస్యే, అంటే అయ్యగారు, అని పిలిచే ఆయన, చెప్పుల్లేని మా కాళ్ళవంక చూశాడు. అత్త తడబడలేదు. మా దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్‌లో అడిగింది: "మిస్యే, ఈ ఇల్లు ఎవరిది?"

"అందరిదీ, మదామ్."

"అయితే ఆ అందరిలో మేమిద్దరం ఉన్నాం."

ఆయన నవ్వి పక్కకు జరిగాడు. పక్షుల బొమ్మలున్న ఒక పెద్ద పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది కూడా ఆయనే. నేను బడిలో నేర్చుకుంటున్న ఫ్రెంచిలో గొణుగుతూ చదివి, అత్త చెవిలో తెలుగులో చెప్పేదాన్ని. నా తెలుగు అంతంత మాత్రం. మాట దొరక్కపోతే అత్త అందించేది. ఆమెకూ దొరక్కపోతే ఇద్దరం క్రెయోల్‌లోకి దిగేవాళ్ళం.

ఒక పొద్దున కంచె మీద గోధుమరంగు పిట్ట ఒకటి వాలింది. తలమీద, రొమ్ముమీద అక్కడక్కడ ఎర్రటి మరకలు. అత్త దగ్గరికి పరిగెత్తాను.

"అత్తా, దానికి దెబ్బ తగిలింది! నెత్తురు!"

అత్త ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఏటా ఈ రోజుల్లో ఇలాంటివి చూస్తానే. ఎందుకో నాకు తెలీదు. గురువారం నీ పుస్తకాన్ని అడుగుదాం."

పుస్తకం చెప్పింది. అది కార్దినాల్ పిట్ట. వసంతంలో మగపిట్ట పాత ఈకలు రాల్చి, కొంచెం కొంచెంగా ఎర్రబడుతుంది. అది రోగం కాదు. చదువుతూ చదువుతూ నాకు ఏడుపొచ్చింది. ఇంటికి నడుస్తూ, ఇన్నాళ్ళూ దాచుకున్నది అడిగేశాను: "నేను చచ్చిపోతానా, అత్తా?"

వేరే ఎవరైనా అయితే "ఛ, అవేం మాటలు" అనేవాళ్ళు. అత్త ఆగి, నా ముఖం చూసింది.

"తెలీదమ్మా. కానీ వచ్చిన కొత్తలో సగం రొట్టె వదిలేసేదానివి. నిన్న రెండు తిని మూడోది అడిగావు. నేను చూసింది అదీ."

ఆ రోజు నాకు కలిగిన ధైర్యం తర్వాత ఏ మందూ ఇవ్వలేదు. నెలరోజుల్లో పిట్ట నిప్పుకణికలా ఎర్రబడింది. నాకు జ్వరం మళ్ళీ రాలేదు.

నవంబరులో నాన్న వచ్చాడు. "చదివింది చాలు అక్కా, ఇంట్లో దీని తమ్ముణ్ణి చూసుకోవాలి" అన్నాడు. అత్త వాదించలేదు. "ఇవాళ గురువారం. రా" అని నాతోపాటు ఆయన్నీ గ్రంథాలయానికి తీసుకెళ్ళింది. నాన్న మెట్ల దగ్గర పాదాలు మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను కార్దినాల్ గూడు గురించి చదవబోతుంటే, "గుడ్లు లేత నీలంగా ఉంటాయి. ఎన్నోసార్లు చూశాను" అన్నాడు మెల్లగా. పేజీ తిప్పాను. లేత నీలమనే ఉంది. నాన్న బొమ్మ మీదికి వంగాడు. "మనం చూసిందే రాశారే!" అని గట్టిగా అనేసరికి గదిలో అందరూ తలలెత్తారు. సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బయటికొచ్చాక అత్తతో, "ఇంకో ఏడాది నీ దగ్గరే చదవనీ" అన్నాడు. ఒక ఏడాది కాస్తా ఆరేళ్ళయింది.

నేను పంతులమ్మనైన మొదటి నెలలోనే అత్త పోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది. వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. గ్రంథాలయానికి వెళ్ళి చెబితే, ముసలి మిస్యే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను వచ్చేసిన తర్వాత కూడా ఆమె ప్రతి గురువారం వచ్చేదట. ఒక్కతే కూర్చుని, బొమ్మలు చూస్తూ, తనలో తాను ఏదో చెప్పుకునేదట.

ఆ సంగతి ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. ఆమె నాకిచ్చింది ఇప్పటికీ నా దగ్గరుంది. పిల్లలు ఏదైనా అడిగితే, తెలియనిది తెలియదని చెప్పడానికి నాకు జంకు లేదు. చెప్పి, వాళ్ళ చెయ్యి పట్టుకుని, చూడటానికి లేస్తాను.