నీళ్ళబిందె తెచ్చినావిడ రెండు మాటలు

పోయిన ఆదివారం మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, మెట్రో గురించి నాలుగు ముక్కలు చెప్పమంది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఇంత హాయిగా పోవడం మా రోజుల్లో ఎరగమనీ, కాకపోతే ఆ మెట్లు ఎక్కడానికి నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయనీ చెప్పాను. సాయంత్రానికి చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి, మోకాళ్ళు ఏ దవాఖానలో చూపిస్తున్నావని. పిల్ల నా మొదటి మాట కోసేసి మోకాళ్ళను మాత్రం స్టేటస్‌లో పెట్టిందట. అప్పుడు నాకు నా మిక్సింగ్ షాపు గుర్తొచ్చింది.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిక్సింగ్ అంటే పెళ్ళి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, కత్తిరించి, పాటలూ పూలరేకులూ కలిపి ఇంటివాళ్ళకు అప్పగించే పని. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న మేడగదిలో ఏళ్ళ తరబడి ఆ పనే చేశాను. గంట క్యాసెట్టు ఎక్కాలంటే గంటసేపూ కూర్చోవాల్సిందే, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. మా షాపులో ఒక కట్టుబాటు ఉండేది. ఇంటివాళ్ళు వచ్చి కూర్చుని చూడందే ఏ పెళ్ళీ గడప దాటదు. మేనమామ మొహం ఏమైందని, ఆడపడుచు అక్షింతలు వేసింది లేదేమని వాళ్ళు అడగాలి, నేను కలపాలి. లేకపోతే పెళ్ళిలో రాని తగువు వీడియోలో వస్తుంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, డిగ్రీ చదువుతున్న మా తమ్ముడి కూతురు తన స్నేహితురాలిని వెంటబెట్టుకుని సంచెడు క్యాసెట్లతో వచ్చింది. ఎల్బీనగర్‌లో ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే, ఇద్దరూ పొద్దంతా తీశారట. దాన్ని చిన్న డాక్యుమెంటరీగా చేసి కాలేజీలో చూపించాలి. మా పిల్ల జనాన్ని మాట్లాడించింది, ఆ అమ్మాయి కెమెరా పట్టింది. మాది నల్లగొండ పల్లె. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి ఆ రోడ్డు పక్క వీధిలోనే ఇల్లు కట్టుకున్న కుటుంబం. ఇంటర్ నుంచీ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న పిల్లలు. నేను అలవాటు కొద్దీ, పప్పు గుండిగ మీంచి నినాదాల మీదికి గులాబీ రేకులు రాల్చి దృశ్యం మారిస్తే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు ఒక్కచోట ఆగింది. వంటకు నీళ్ళు చాలక అడిగితే, ఆ అమ్మాయి వాళ్ళ అమ్మే బిందె పట్టుకొచ్చింది. మా పిల్ల పలకరిస్తే, రాష్ట్రం విడిపోవడం తనకిష్టం లేదనీ, అయినా ఎండలో వండుకుంటూ గుక్కెడు నీళ్ళడిగితే లేవనలేననీ చెప్పింది.

"పెద్దనాయినా, గా ముందు మాట తీసెయ్, నీళ్ళిచ్చింది సాలు" అంది మా పిల్ల. అలా తీస్తే అమ్మ అనని మాట అన్నట్టవుతుందని స్నేహితురాలు. పోనీ మొత్తం ఉంచుదామా అంటే, కాలేజీలో అమ్మను ఎవరేమంటారోనని దానికీ భయమే. ఇద్దరూ చెరో స్టూలు మీద చెరోవైపు తిరిగి కూర్చున్నారు. ఇంటా బయటా ఎన్నో స్నేహాలు తెగిపోతున్న రోజులవి, ఇది కూడా నా కంప్యూటర్ ముందే తెగుతుందేమోనని నిజంగా దిగులేసింది.

నాకు తెలిసింది పెళ్ళిళ్ళ పద్ధతి ఒక్కటే. ఆవిడకు కబురు పెట్టాను. మర్నాడు కూరగాయల సంచీతో వచ్చి చూసింది. నైటీ మీద తువ్వాలు వేసుకునే రోడ్డెక్కేశానా అని ముందు సిగ్గుపడింది. తరవాత మరోసారి వేయమని చూసి, నిమ్మళంగా చెప్పింది.

"రెండు మాటలూ నావేనండీ. ఉంచితే రెండూ ఉంచండి. ఒకటి తీసేస్తే ఆవిడెవరో నేనెరగను."

మా పిల్ల స్టూలు స్నేహితురాలి పక్కకు జరుపుకుని, రెండూ ఉండనిమ్మంది.

కాలేజీలో వేసిన రోజు నేనూ వెనక వరసలో కూర్చున్నాను. ఆవిడ మొదటి మాటకు హాల్లో గుసగుసలు లేచాయి. రెండో మాట వచ్చేసరికి సద్దుమణిగాయి. ముందు వరసలో పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని ఉన్నారు.

ఇప్పుడు నా షాపున్న ఆ మేడగదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వీడియో కోయడానికి ఇప్పుడు గంటలు కూర్చోనక్కర్లేదు, మంచిదే, కాదనను. స్టేటస్‌లో పెట్టేముందు నాకోసారి చూపించొద్దా అని మనవరాలిని అడిగితే, పాపం, దానికి నా బాధ అర్థమే కాలేదు.

"అందరికీ పెట్టిన కద తాతా, నీకు గూడ ఒచ్చింది, చూస్కో" అంది.

నిజమే. అందరితోపాటు నేనూ చూసుకున్నాను.