ఫిల్టర్ పోయిందని రాసిన ఉత్తరం

మొన్న మా మనవరాలు నా ఫోటో తీసి, ఫిల్టర్ పెట్టనా తాతయ్యా అని ముద్దుగా అడిగితే, ఏ పాపమూ ఎరగని పిల్లని ఊరికే కసురుకున్నాను. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో అరకులో మా నాన్న కిరాణా కొట్లో కూర్చుంటూనే, పెళ్లిళ్లకీ చర్చి పండగలకీ కీబోర్డులాంటి సింథసైజర్ వాయించేవాణ్ణి. మన ఈడువాళ్లలో ఆ పెట్టెని ముట్టుకున్నవాళ్లకి తెలిసే ఉంటుంది, అందులోంచి మొదట వచ్చేది పాటకి పనికొచ్చే గొంతు కాదు, ఉత్త తేనెటీగల రొద. ఫిల్టర్ నాబ్ తిప్పి దాని పదును కొంత కోసేస్తేనే అది వేణువో వయొలినో అనిపిస్తుంది. ఒకే గొంతుతో పెదాలు ముడిస్తే ‘ఊ’ అనీ, తెరిస్తే ‘ఆ’ అనీ అంటాం చూడండి, అదే పని.

కొండమీది ఊరినుంచి సంతకి పసుపు తెచ్చే తాత ఒకాయన ఉండేవాడు. ధింసా ఆటకి సన్నాయిలాంటి మోరి ఊదడంలో ఆయన్ని మించినవాడు లేడు, కానీ పళ్లూడిపోయి గాలి నిలవడం మానేసింది, ఆ ఊళ్లో ఆ విద్య ఇంకెవరికీ రాదు. మనవడి పెళ్లిలో మోరి లేకుండా ఆడితే తలవంపులని, ఆ గొంతు నా పెట్టెలో పలికించమని అడిగాడు. ప్రతి సంతకీ కొట్లోకి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఫిల్టర్ మూసి వాయిస్తే “దీని నోరు కుట్టేసినావేటి బాబూ” అనేవాడు, పూర్తిగా తెరిస్తే చెవులు మూసుకునేవాడు. చివరికి ఆయన ఊదినట్టు చూపిస్తూ బుగ్గలుబ్బించడం చూశాక తట్టింది, ఊపిరి పెరిగినకొద్దీ మోరికి పదును పెరుగుతుందని. కుడిచేత్తో వాయిస్తూ, ఎడమచేత్తో ఆ ఊపిరి వెంటే నాబ్ తిప్పాను. తాత “అదీ” అని ఊరుకున్నాడు. అంతకన్నా పెద్ద బిరుదు నాకెవరూ ఇవ్వలేదు.

పెళ్లి పదిరోజులుందనగా నాబ్ లోపల విరిగి, ఫిల్టర్ మూసుకున్నచోటే ఉండిపోయింది. విశాఖ వెళ్లి బాగుచేయించుకోవాల్సింది పోయి, సీజను బేరాలని బద్ధకించి, అక్కడున్న బావమరిదికి ‘ఫిల్టర్ పోయింది, బేగి పంపు’ అని ఒక్క ముక్క రాసి పడేశాను. పెళ్లి ముందురోజు బస్సులో పార్సిల్ వచ్చింది. విప్పితే తళతళలాడే ఇత్తడి కాఫీ ఫిల్టర్, కాఫీ తోటల మధ్య ఉండి ఇదేం కరువు బావా అని వేళాకోళపు చీటీతో సహా. వాణ్ణని ఏం లాభం, అలా రాసిన నన్ననాలి.

పెళ్లిలో ఆ మూగగొంతుతోనే వాయించాను. చేతులు పెనవేసుకున్న ఆడవాళ్లు నాలుగడుగులు వేసి, ఆగిపోయి, నావైపు చూశారు. తాత తన మోరి తీసి బోసినోటితో ఊదాడు, వాళ్లు ఆడారు, కాసేపటికే ఊపిరందక ఆయన కూలబడ్డాడు. ఆ తర్వాత సంతకి వచ్చినా, చనిపోయేదాకా మా కొట్టు గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు టూరిస్టు హోటళ్లలో ధింసా పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది, సింథసైజర్లు ఫోన్లలోకి వచ్చేశాయి, వేలితో తాకితే తిరిగే ఫిల్టర్లు కోకొల్లలు. ఈమధ్య ఫోన్లోనే ఆ మోరి గొంతు అచ్చంగా తెప్పించాను కూడా. కానీ ఆ రోజుల్లో గొంతు కుదిర్చే యావలో పాట మొదటి రెండు వరసలే పట్టుకు కూర్చున్నాను, పెళ్లికి అవే తిప్పి తిప్పి వాయిస్తే చాలనుకుని, మిగతాది ఎలా సాగుతుందో తాతని అడగనేలేదు. ఆ రెండు వరసలూ వాయించి, అక్కడితో ఆపేస్తాను.