ఎవరు తిప్పారు?

ఆకివీడు దాటాక కాలువ గట్టున ఉన్న ఐసు ఫ్యాక్టరీలో నూకరాజు పాతికేళ్ళు ఆపరేటరుగా చేశాడు. కొల్లేటి లంకలో పుట్టినవాడు. తండ్రి వలేసి బతికాడు. చెరువులు తవ్వి కొల్లేరుని కుదించేశాక, కొడుకు చెరువు చేపకి ఐసు చేసే పనిలో కుదురుకున్నాడు. ఆ చేప ఐసు మధ్య పడుకుని లారీలో బెంగాలు దాకా పోయేది. నూకరాజు మాత్రం ఆ యంత్రాన్ని వదిలి ఎక్కడికీ పోలేదు.

మనిషి మెతక. యంత్రాన్ని కూడా మన్నించి మాట్లాడతాడని కూలీలు ఆటపట్టించేవారు. భార్య వెంకాయమ్మ తమ్ముడు కొండబాబుని అదే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు లాగే పనిలో పెట్టించింది అతనే. తమ్ముడు కళ్ళెదుటికి వచ్చాడని వెంకాయమ్మ మురిసిపోతుంటే, తానేదో ఘనకార్యం చేశాననుకున్నాడు పాపం.

ఆ యంత్రం అడుగున పక్కపక్కనే రెండు చక్రాలుంటాయి. ముందునుంచి చూస్తే కుడివైపున్న నల్ల చక్రం తిప్పితే వాడిన ఆయిలు బకెట్లోకి దిగుతుంది. ఎర్ర చక్రం అమ్మోనియా గ్యాసు ఎక్కించేటప్పుడు తిప్పేది. ఊరికే తిప్పితే లోపలున్న గ్యాసు బయటికి తన్నుకొస్తుంది. దాని మూతికుండాల్సిన బిరడా ఎప్పుడో పోయింది. కొత్తది తెప్పిస్తామని యజమాని జోగారావు గారు అంటూనే ఉన్నారు. అనడంలో ఆయన ఎవరికీ లోటు చెయ్యరు.

ఆ ఏడు దసరాకి, ఆయుధపూజ ఘనంగా చెయ్యాలని జోగారావు గారికి ముచ్చట పుట్టింది. యంత్రానికి నిలువెల్లా వెండి రంగు వేయించారు. గొట్టాలూ, చక్రాలూ అన్నీ తళతళలాడాయి. ఎరుపూ పోయింది, నలుపూ పోయింది. ఆ రెంటికీ పాత రంగులుంచమని నూకరాజు ఒక మాటన్నాడు. పూజ కానివ్వండి, చూద్దామన్నారు.

పూజ అయింది. యంత్రం ముందు కట్టిన అరటిబోదెలూ, దేవుడి పటం పెట్టిన బల్లా ఇంకా తియ్యలేదు. బయట లారీలవాళ్ళు ఐసు కోసం హారన్లు మోగిస్తున్నారు. ఆయిలు దింపక తప్పదు. ముందువైపు సందు లేక నూకరాజు వెనకనుంచి వెళ్ళి వంగాడు. వెనకనుంచి వస్తే కుడివైపుది ఎడమవైపుకి పోతుంది. చెయ్యి మాత్రం అలవాటు చొప్పున కుడిచేతి పక్క చక్రాన్నే పట్టుకుంది. మామూలు రోజైతే ఎరుపు కంటబడి చెయ్యి ఆగిపోయేది. ఆ రోజు దాన్ని ఆపడానికి ఏ రంగూ లేదు.

అవతల అరటిబోదెల తాళ్ళు విప్పుతున్న కొండబాబు మొహానికి తిన్నగా తగిలింది గ్యాసు. ముసుగులు లేక కాదు. ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. పాడైపోతాయని తాళం వేశారు. తాళంచెవి జోగారావు గారి జేబులో, జోగారావు గారు ఏలూరులో. కొండబాబు ఆసుపత్రి దాకా కూడా బతకలేదు. నూకరాజుకి ఊపిరితిత్తులు చెడి, వదలని దగ్గు మిగిలింది.

ఏలూరునుంచి ఆఫీసరొకాయన విచారణకి వచ్చాడు. మర్యాదస్తుడు. నూకరాజుని కుర్చీలో కూర్చోబెట్టి మరీ అడిగాడు.

"చక్రం ఎవరు తిప్పారండీ?"

"నేనేనండీ."

అంతటితో సరి. ఎవరు అని అడిగాడు గానీ, ఎందుకు అని అడగలేదు. నూకరాజు రంగు సంగతి ఎత్తబోతే దగ్గుతెర కమ్మింది. అది తగ్గేసరికి ఆయన జోగారావు గారితో కలిసి టీ తాగుతున్నాడు. మానవ తప్పిదం అని తేల్చేశాడు. రంగు వేయించినవాడూ, బిరడా తెప్పించనివాడూ, బీరువాకి తాళం బిగించినవాడూ మానవులు కానట్టు! ఒళ్ళు మండేది ఇందుకే.

నూకరాజుని విశ్రాంతి తీసుకోమని గేటు బయటికి సాగనంపారు. ప్రమాదం కూడా అతని వెంటే వెళ్ళిపోయిందని లోపల అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఎవరి చేతిలోంచి ఏది జారినా "నూకరాజు పని చేశావురా" అనడం అక్కడ వాడుకైపోయింది. అతని స్థానంలో తాడేపల్లిగూడెంనుంచి ఫణికిరణ్ అనే ఆపరేటరు వచ్చాడు. కొండబాబు భార్య బేబీరాణికి, దయతలచి, అదే యంత్రాల గది ఊడ్చే పని ఇచ్చారు జోగారావు గారు. దయంటే అలా ఉండాలి మరి.

ఇంట్లో వెంకాయమ్మ వేళకి అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. మారు కావాలా అని అడగాల్సొస్తే గరిటె ఎత్తి చూపేది. ఆమె తిట్టినా బాగుండునని నూకరాజు ఏడ్చిన రోజులున్నాయి.

ఉద్యోగం మీద ఆశ పోయింది. పేరు మీదా పోయింది. అతనికి మిగిలిన కోరిక ఒక్కటే. ఇంకొకడి చెయ్యి పొరబడకముందే ఆ చక్రం మళ్ళీ ఎర్రబడాలి. అదే అడగడానికి జోగారావు గారింటికి వెళ్ళాడు. ఆయన కాఫీ ఇప్పించి, నెమ్మదిగా చెప్పారు.

"మీ బాధ నాకు తెల్సండీ నూకరాజు గారూ. కానీ ఇప్పుడు ఎరుపు వేయిస్తే, అప్పుడు తీసెయ్యడం తప్పని మనమే ఒప్పుకున్నట్టవుద్దంటండీ. లాయరు గారు వద్దన్నారు."

ఫణికిరణ్‌ని టీకొట్టు దగ్గర పట్టుకుని చెప్పాడు. అతను లేచి నిలబడి, గౌరవంగా అంతా విన్నాడు. తనకి కళ్ళు బాగానే ఉన్నాయనీ, తన గురించి బెంగ పెట్టుకోవద్దనీ అన్నాడు. ఇక దిక్కులేక, చిన్న ఎర్రరంగు డబ్బా ఒకటి కొని బేబీరాణి గుమ్మంలో నిలబడ్డాడు. ఊడ్చేటప్పుడు ఎవరూ చూడకుండా ఒక్క పూత పూసెయ్యమని బతిమాలాడు.

బేబీరాణి డబ్బా అందుకుంది.

"రంగు లేకే ఆయన పోయాడంటే, మరి నేనెవర్ని తిట్టుకోవాలండీ అన్నయ్యగారూ? మిమ్మల్ని తిట్టుకునే గదా పొద్దున్నే లేవగలుగుతున్నాను."

వెళ్ళి డబ్బాని కాలవలోకి గిరాటేసింది. నూకరాజు అడ్డు చెప్పలేదు. ఆవిడకున్న ఆధారం ఆ తిట్టొక్కటేనని అతనికి అర్థమైంది.

ఎండలు ముదిరాయి. ఐసుకి గిరాకీ పెరిగింది. మరమ్మతుకని విప్పిన మోటారొకటి యంత్రం ముందు అడ్డంగా పడి ఉంటే, ఫణికిరణ్ వెనకనుంచి వెళ్ళి వంగాడు. కళ్ళున్నవాడే. అవతల ఊడుస్తున్నది బేబీరాణి. ప్రాణం దక్కింది గానీ, రెండు కళ్ళూ పోయాయి.

ఏలూరు ఆసుపత్రికి నూకరాజు, వెంకాయమ్మ పరుగెత్తారు. జోగారావు గారు పళ్ళతో అప్పటికే వచ్చి ఉన్నారు. పక్కన ఆ ఆఫీసరే. దగ్గు వినగానే బేబీరాణి చెయ్యి చాచి, నూకరాజు మణికట్టు దొరకబుచ్చుకుంది.

"ఎవరు తిప్పారండీ అన్నయ్యగారూ?"

గదిలో అందరూ అతని నోటివైపే చూస్తున్నారు. ఇన్ని నెలలూ అతను ఎదురుచూసింది ఇందుకే. రంగు, బిరడా, తాళం, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. కానీ రంగు వల్లే అంటే, డబ్బాని కాలవపాలు చేసింది తన చేతులేనని ఈ గుడ్డిది బతికినన్నాళ్ళూ ఏడవాలి. అతనికి ఆవిడ మీద జాలేసింది.

"ఫణికిరణేనమ్మా," అన్నాడు. "చూసుకోకుండా తిప్పేశాడు."

బేబీరాణి చెయ్యి వదిలేసి, దిండు మీదికి వాలి, ఫణికిరణ్ వంశమంతటినీ తిట్టిపోయడం మొదలుపెట్టింది. నూకరాజు గారంతటి అనుభవస్తులే చెప్పాక ఇంకా విచారణ దేనికండీ అని జోగారావు గారు ఆఫీసరుతో అన్నారు. ఆఫీసరు తలాడించి రాసుకున్నాడు.

బయట వరండాలో ఫణికిరణ్ బల్లమీద కూర్చుని ఉన్నాడు. చేతులకి కట్లు. నూకరాజుని చూసి లేచి నిలబడ్డాడు.

"మీరు చెప్పిన రంగు సంగతి ఆఫీసరు గారితో ఒక్క మాట అనండి బాబాయ్ గారూ. నేను చెబితే నమ్మట్లేదండీ."

నూకరాజు అతని మొహం చూడకుండా దాటి వెళ్ళిపోయాడు.